విమానం దిగేది పదకొండింటికి, పడక చేరేది ఎన్నింటికి?

టికెట్ మీద రాక సమయం 22:55 అని ఉంటుంది. విమానాశ్రయం నుంచి నగరం నడిబొడ్డుకి రైల్లో 40 నిమిషాలని మ్యాప్ చెబుతుంది. రెండూ కలుపుకుని, పన్నెండు కొట్టేలోపు గదిలో ఉంటామనుకుని, నగరం మధ్యలో మంచి హోటల్ చూసి బుక్ చేసేస్తారు చాలామంది. ఆ రెండు అంకెలూ నిజమే. వాటిని కూడటంలోనే పొరపాటు ఉంది. మొదటిది పూర్తయ్యేసరికి రెండోది ఇంకా అమల్లో ఉంటుందో లేదో ఎవరూ చూసుకోరు.

22:55 అంటే విమానం వచ్చి తన చోట ఆగవలసిన సమయం. ఆ తర్వాత తలుపు తెరవాలి, ముందు వరుసలవాళ్లు పైనుంచి సంచులు దించుకుని కదలాలి. మెట్లు దిగి బస్సెక్కాల్సి వస్తే ఇంకో పది నిమిషాలు. పెద్ద టెర్మినల్ అయితే గేటు నుంచి ఇమిగ్రేషన్ దాకా నడకే పావుగంట. ఇమిగ్రేషన్ దగ్గర అంతా అదృష్టం మీద ఆధారపడి ఉంటుంది. ఆ వేళకి ఒక్క విమానమే దిగితే పది నిమిషాల్లో ముద్ర పడిపోతుంది. మూడు వందలేసి మందిని మోసుకొచ్చినవి మూడు వరసగా దిగితే గంట నిలబడాలి. తర్వాత సామాను బెల్టు, కస్టమ్స్. చేతిసంచీ ఒక్కటే పట్టుకుని దేశంలోపలి విమానం దిగినవాళ్లు 20 నిమిషాల్లో రోడ్డు మీద ఉంటారు. పెట్టెలు వేసి, దేశం దాటి వచ్చినవాళ్లు మాత్రం గంట లెక్కవేసుకోవాలి, గంటన్నర వేసుకుంటే ఇంకా నయం. అంటే 22:55కి దిగే మనిషి బయట గాలి పీల్చేది పన్నెండుకి అటూ ఇటూ.

సరిగ్గా ఆ వేళకే చాలా మహానగరాల్లో రైళ్లు ఆగిపోతాయి.

విమానాశ్రయం ఎంత దూరమో కిలోమీటర్లలో చెప్పుకోవడం అలవాటు. పగలు అది పనికొచ్చే కొలతే. అర్ధరాత్రి మాత్రం, బయటికొచ్చే క్షణానికి ఏమేం నడుస్తున్నాయి అన్నదాన్ని బట్టి దూరం మారిపోతుంది. మధ్యాహ్నం ముప్పావుగంట దూరంలో ఉన్న హోటల్ రాత్రి ఒంటిగంటకి రెండున్నర గంటల దూరంలో ఉండొచ్చు, లేదా గది అద్దెకు సమానమైన టాక్సీ ఖర్చంత దూరంలో ఉండొచ్చు. ఎక్కడ బస చేయాలన్న నిర్ణయం ఈ రెండో కొలత మీద జరగాలి.

దీనికి తోడు, రాత్రి విమానాలే ఎక్కువగా ఆలస్యమవుతాయి. వాతావరణం కంటే విమానం తిరిగే పద్ధతే దీనికి ఎక్కువ కారణం. దగ్గరి ఊళ్ల మధ్య తిరిగే విమానం రోజుకి నాలుగైదు ట్రిప్పులు వేస్తుంది. పొద్దున రెండో ట్రిప్పులో 20 నిమిషాలు పోతే, మధ్యలో తగినంత విరామం లేక అవి మూడో ట్రిప్పుకి పాకుతాయి, నాలుగోదానికి ఇంకొన్ని కలుస్తాయి. పొద్దున ఆరింటి విమానానికి ఈ వారసత్వపు అప్పు ఉండదు, రాత్రి పదకొండింటి విమానం మాత్రం రోజంతటి అప్పునీ మోసుకొస్తుంది. అందుకే ఆఖరి విమానాన్ని ఆఖరి రైలుకి ముడిపెట్టడం మంచి పథకం కాదు. 35 నిమిషాల తేడా ఉందిలే అని ధైర్యపడేవాళ్లు, ఆ 35 నిమిషాలూ పొద్దున ఇంకో ఊళ్లో ఎవరో ఖర్చుపెట్టేసి ఉండవచ్చని గుర్తుంచుకోవాలి.

రైలుకి రాత్రి ఎందుకు పనికిరాదు

కోటిమంది ఉండే నగరంలో రాత్రంతా రైలు నడపలేరా అన్నది న్యాయమైన విసుగే. జవాబు పట్టాల్లో ఉంది. చాలా మెట్రోలకి పోవడానికొక పట్టా, రావడానికొక పట్టా మాత్రమే ఉంటాయి. పట్టాలు పరీక్షించడం, అరిగినవి మార్చడం, సొరంగాలు కడగడం, సిగ్నళ్లు సరిచేయడం, ఇవన్నీ కరెంటు తీసేసి మనుషులు లోపలికి దిగి చేయవలసిన పనులు. వాటికి దొరికేది రాత్రి ఒంటిగంట నుంచి నాలుగున్నర దాకా ఉండే సందు ఒక్కటే.

న్యూయార్క్ సబ్‌వే ఇందుకు మినహాయింపు. 1904లో మొదలైన ఆ వ్యవస్థలో చాలా మార్గాల్లో నాలుగేసి పట్టాలున్నాయి, రెండిటి మీద పని జరుగుతుంటే మిగతా రెండిటి మీద బండ్లు తిప్పొచ్చు. కొవిడ్ కాలంలో, 2020 మే నుంచి 2021 మే దాకా రాత్రిపూట ఆపడం తప్ప అది ఇరవై నాలుగు గంటలూ నడుస్తుంది. జాన్ ఎఫ్ కెనడీ విమానాశ్రయం నుంచి ఎయిర్‌ట్రెయిన్ కూడా రాత్రంతా తిరుగుతుంది కాబట్టి అక్కడ అర్ధరాత్రి దిగినా రైలు దారి మూసుకుపోదు. షికాగోలో ఓహేర్ విమానాశ్రయానికి వెళ్లే బ్లూ లైన్‌దీ అదే తీరు. కోపెన్‌హేగన్ ఇంకో దారి పట్టింది. 2002లో మొదలైన అక్కడి మెట్రోకి డ్రైవర్లు లేరు, రైళ్లు వాటంతట అవే నడుస్తాయి, రాత్రివేళ కూడా ఆగవు. విమానాశ్రయం నుంచి నగరం మధ్యకి పావుగంట. అలాంటి చోట రాత్రి రెండింటికి దిగినా ఊళ్లోనే గది తీసుకోవచ్చు, ఈ వ్యాసం చదవాల్సిన అవసరం కూడా పెద్దగా లేదు.

మిగతా నగరాలు మధ్యలో ఎక్కడో ఉంటాయి, చిక్కంతా అక్కడే. లండన్‌లో 2016లో మొదలైన నైట్ ట్యూబ్, అంటే రాత్రంతా నడిచే మెట్రో, ఉంది. కానీ శుక్ర, శని రాత్రులు మాత్రమే, అదీ కొన్ని లైన్ల మీదే. హీత్రూ విమానాశ్రయానికి వెళ్లే పికడిల్లీ లైన్ అందులో ఉంది, అయితే ఆ రాత్రి బండ్లు నాలుగో టెర్మినల్‌కి వెళ్లవు. శనివారం రాత్రి రెండో టెర్మినల్‌లో దిగినవాళ్లకి, ఆదివారం రాత్రి నాలుగో టెర్మినల్‌లో దిగినవాళ్లకి హీత్రూ ఒకటే, మిగిలిన రాత్రి మాత్రం పూర్తిగా వేరు. ఆదివారంవాళ్లు చేయగలిగింది రాత్రి బస్సు పట్టుకోవడం. పారిస్‌లో చార్లెస్ డి గాల్ విమానాశ్రయం నుంచి ఊళ్లోకొచ్చే ఆర్‌ఈఆర్ బి రైలు అర్ధరాత్రి ప్రాంతంలో ఆగిపోతుంది, మరమ్మతుల రాత్రుల్లో అంతకంటే ముందే ఆగుతుంది. ఆ తర్వాత నాక్టిలియన్ రాత్రి బస్సులే గతి. అవి గార్ దె లెస్ట్ స్టేషన్ వైపు వస్తాయి కాబట్టి, ఆ చుట్టుపక్కల గది ఉన్నవాళ్లకి ఇబ్బంది లేదు. ఏ చివరో ఉన్నవాళ్లకి అక్కడి నుంచి రెండో ప్రయాణం మొదలవుతుంది.

రాత్రి బస్సుల గురించి ఒక మాట. చవక అనేది నిజం, భద్రత కూడా చాలాచోట్ల అనుకున్నంత చెడ్డగా ఉండదు. కానీ అవి అరగంటకో గంటకో ఒకటి వస్తాయి, ఊరంతా తిరిగి వస్తాయి, రెండు పెద్ద పెట్టెలతో ఎక్కడానికి అనువుగా ఉండవు. ఒంటరిగా, వీపుసంచీతో, కాస్త నిద్ర మానుకోగలిగిన వయసులో ఉన్నవాళ్లకి సరిపోతాయి. పసిపిల్లలతోనో పెద్దవాళ్లతోనో వచ్చేవాళ్లు వాటిని లెక్కలోకి తీసుకోకపోవడమే మేలు.

ఒక ఊరికి ఎన్ని విమానాశ్రయాలు

టికెట్ వెతికేటప్పుడు నగరం పేరు కొడితే చవకైనది పైన కనిపిస్తుంది. అది ఏ విమానాశ్రయానికో పక్కన చిన్న అక్షరాల్లో ఉంటుంది. లండన్ పేరుతో నడిచేవి ఆరు: హీత్రూ, గాట్విక్, స్టాన్‌స్టెడ్, లూటన్, సిటీ, సౌత్ఎండ్. టోక్యోకి రెండు. హనెడా నగరంలోనే సముద్రం ఒడ్డున ఉంటే, నరీటా సుమారు 60 కిలోమీటర్ల అవతల ఉంది. ఇస్తాంబుల్‌లో ఒకటి ఐరోపా ఒడ్డున, రెండోదైన సబిహా గోక్చెన్ ఆసియా ఒడ్డున, అంటే గది ఒకవైపు తీసుకుని విమానం రెండోవైపు దిగితే ఖండం దాటాలి. పారిస్ పేరు పెట్టుకున్న బోవే విమానాశ్రయం పారిస్‌కి 80 కిలోమీటర్ల పైనే. ఫ్రాంక్‌ఫర్ట్ హాన్ ఫ్రాంక్‌ఫర్ట్‌కి 100 కిలోమీటర్ల పైమాటే, నిజానికి అది వేరే రాష్ట్రంలో ఉంది. ఈ పేర్లు ఎవరు పెట్టారోగానీ దూరాన్ని దాచడంలో మంచి నేర్పరులు.

దూరంగా కట్టడానికి కారణాలు తెలిసినవే, భూమి కావాలి, చప్పుడు ఊరికి వినపడకూడదు. ఆ చప్పుడే ఇంకో చిక్కు తెస్తుంది. ఫ్రాంక్‌ఫర్ట్ ప్రధాన విమానాశ్రయంలో రాత్రి 11 నుంచి ఉదయం 5 దాకా రాకపోకలకి నిషేధం ఉంది. సిడ్నీలో 1995 నాటి చట్టం ప్రకారం రాత్రి 11 నుంచి ఉదయం 6 దాకా. నరీటాలో అర్ధరాత్రి 12 నుంచి ఉదయం 6 దాకా. జపాన్‌లోనే 1994లో సముద్రంలో మట్టి పోసి కట్టిన దీవి మీద తెరిచిన కన్‌సాయ్ విమానాశ్రయానికి ఈ బెడద లేదు, చుట్టూ నీళ్లే కాబట్టి ఇరవై నాలుగు గంటలూ నడుస్తుంది.

కర్ఫ్యూ ఉన్నచోట దిగే ఆఖరి విమానం బాగా ఆలస్యమైతే ఏమవుతుంది? కొన్నిసార్లు ప్రత్యేక అనుమతి దొరుకుతుంది. దొరకకపోతే బయలుదేరకుండానే ఆపేస్తారు, లేదా ఇంకో విమానాశ్రయానికి మళ్లిస్తారు. అప్పుడు బస కోసం వేసుకున్న పథకమంతా గాలికి పోతుంది. ఐరోపాలో 2004 నాటి 261వ నంబరు నిబంధన ఇక్కడ కొంత అక్కరకొస్తుంది. ఒకే నగరానికి ఉన్న వేరే విమానాశ్రయంలో దింపితే, మొదట బుక్ చేసిన విమానాశ్రయానికి చేర్చే ఖర్చు విమాన సంస్థే భరించాలి. గుర్తుంచుకోవలసింది, ఈ ఖర్చు ఆ విమానాశ్రయం దాకానే, లేదా ప్రయాణికుడితో ఒప్పుకున్న దగ్గరి చోటు దాకానే. ఆలస్యం వల్ల ఆఖరి రైలు పోయి టాక్సీలో వెళ్లాల్సి వచ్చిందంటే, ఆ బిల్లు కట్టమని అడిగి సాధించడం అంత సులువు కాదు.

ఏ తేదీకి గది?

అర్ధరాత్రి ప్రయాణాల్లో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది టాక్సీ డ్రైవరూ కాదు, రైలూ కాదు, తేదీ. విమానం 15వ తేదీ 00:40కి దిగుతుంది. బుకింగ్ పేజీలో రాక తేదీ దగ్గర 15 అని కొడతారు, టికెట్ మీద ఉన్నది అదే కదా. రాత్రి రెండింటికి హోటల్ చేరి పేరు చెబితే, కౌంటర్లోని మనిషి కంప్యూటర్ చూసి, మీ గది ఈరోజు మధ్యాహ్నం రెండింటి నుంచి అంటాడు. తప్పు అతనిదేం లేదు. హోటల్‌కి 15వ తేదీ గది అంటే 15 మధ్యాహ్నం నుంచి 16 పొద్దుటి దాకా. 15 తెల్లవారుజామున పడుకోవడానికి కావలసింది 14వ తేదీ గది.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది, అది ఇంకా ఖరీదైనది. 14వ తేదీకే సరిగ్గా బుక్ చేశారు, కానీ ఆలస్యంగా వస్తామని చెప్పలేదు. అర్ధరాత్రి దాటాక హోటళ్లు నైట్ ఆడిట్ అని ఒక పని చేస్తాయి. ఆ రోజు లెక్కలు మూసి, కంప్యూటర్లో తేదీని రేపటికి తిప్పుతారు. సాధారణంగా ఇది రెండు నుంచి నాలుగు మధ్య జరుగుతుంది, అప్పటిదాకా హోటల్ దృష్టిలో నిన్న ఇంకా అయిపోలేదు. ఆ సమయానికి రాని అతిథిని ‘నో షో’గా గుర్తించవచ్చు. చాలాచోట్ల నో షో అంటే ఆ ఒక్క రాత్రి డబ్బు పోవడంతో ఆగదు, వరసగా నాలుగు రాత్రులు బుక్ చేసి ఉంటే నాలుగూ రద్దయ్యే ప్రమాదం ఉంది. తెల్లవారుజామున మూడున్నరకి కళ్లు మూతలు పడుతుంటే, తన పేరు మీద గదే లేదని వినడం ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

దీనికి మందు చాలా చిన్నది. బుక్ చేసిన రోజే హోటల్‌కి ఒక సందేశం పంపాలి: 14వ తేదీ గది, వచ్చేది 15 తెల్లవారుజామున రెండు ప్రాంతంలో, విమానం నంబరు ఇది. తేదీ, గంట రెండూ రాయాలి. ‘రాత్రి ఆలస్యంగా వస్తాం’ అని ఊరుకుంటే, అవతలివాళ్లకి అది రాత్రి పదకొండని అనిపించవచ్చు. జవాబు వచ్చాక దాన్ని ఫోన్లో స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకుంటే మరీ మంచిది.

నడిరేయిని ఏ తేదీలో కలపాలో తెలియక తికమకపడేది ప్రయాణికులొక్కరే కాదు. 2005లో గూగుల్, పోర్ట్‌లాండ్ నగర రవాణా సంస్థ కలిసి మొదలుపెట్టిన జీటీఎఫ్‌ఎస్ అనే పద్ధతిలోనే ఇప్పుడు ప్రపంచంలోని చాలా బస్సుల, రైళ్ల సమయాలు మ్యాపుల్లోకి ఎక్కుతున్నాయి. అందులో రాత్రి ఒంటిగంటన్నర బండిని 25:30 అని రాస్తారు. క్యాలెండర్లో తేదీ మారినా బండి మాత్రం నిన్నటి డ్యూటీలోదే కాబట్టి. అందుకే శుక్రవారం రాత్రి సర్వీసు అంటే సగం పైగా శనివారం తెల్లవారుజామున నడిచే సర్వీసు. శుక్రవారం 00:40కి దిగినవాళ్లు ‘శుక్రవారం రాత్రి రైళ్లుంటాయి కదా’ అనుకుంటే పొరపాటు, అక్కడ నడుస్తున్నది ఇంకా గురువారం రాత్రే.

మొదటి రాత్రిని విడదీయడం

నాలుగు రోజుల బసకి ఒకే గది తీసుకోవాలనే నియమం ఏమీ లేదు. అయినా అందరూ అలాగే చేస్తారు. ఊరు చూడటానికి ఏ పేట బాగుంటుందో వెతికి, రాక వేళ సంగతి దానికే సర్దుబాటు చేస్తారు. అర్ధరాత్రి దిగేవాళ్లకి ఇది తలకిందుల పద్ధతి. మొదటి రాత్రి కావలసింది పడక, స్నానం, తలుపుకి గడియ. ఊరు మధ్యలో ఉన్నామన్న సంతోషం ఆ రాత్రికి ఏ మాత్రం పనికిరాదు, రెండింటికి చేరి తొమ్మిదింటికి లేచే మనిషికి కిటికీలోంచి కనపడే దృశ్యం ఏదైనా ఒకటే.

కాబట్టి మొదటి రాత్రి గదిని విడిగా వెతకడం తెలివైన పని. ఎక్కడ వెతకాలో నిర్ణయించేది బయటికొచ్చే గంట. పదిన్నర లోపు కచ్చితంగా బయటపడతామంటే, రైలు ఆలస్యమైనా ఇంకోటి ఉంటుంది, నేరుగా ఊళ్లోకే వెళ్లొచ్చు. పదిన్నర నుంచి పన్నెండు దాకా ఉన్నదే ఎటూ తేలని కాలం. అప్పుడు విమానాశ్రయం రైలు మార్గం మీదే, మారకుండా దిగగలిగిన స్టేషన్ దగ్గర ఉన్న గది మంచిది. ఇక్కడ మారడం అన్న మాటని తేలిగ్గా తీసుకోకూడదు. మధ్యాహ్నం ఒక లైన్ నుంచి ఇంకో లైన్‌కి మారడం ఐదు నిమిషాల పని. రాత్రి పన్నెండుకి మొదటి బండి దొరికినా రెండో లైన్ ఆఖరి బండి వెళ్లిపోయి ఉండొచ్చు, అప్పుడు ఊరి మధ్యలో తెలియని స్టేషన్ బయట పెట్టెలతో నిలబడాలి. అంతకంటే విమానాశ్రయంలో నిలబడటమే నయం, కనీసం అక్కడ దీపాలు, మనుషులు, టాక్సీల వరస ఉంటాయి.

పన్నెండు దాటాక బయటికొచ్చేవాళ్లకి విమానాశ్రయం హోటల్ గురించి ఆలోచించమని చెప్పడం తప్ప వేరే సలహా లేదు. వీటి మీద ఒక చిన్నచూపు ఉంది, ఖరీదెక్కువ, అందం తక్కువ, చుట్టూ పార్కింగ్ స్థలాలు తప్ప ఏమీ ఉండవని. అన్నీ నిజాలే. కానీ పోల్చవలసింది గది అద్దెను గది అద్దెతో కాదు. ఊళ్లో గదికి అర్ధరాత్రి టాక్సీ ఖర్చు కలపాలి, ఆ టాక్సీకి రాత్రి అదనపు ఛార్జీ కలపాలి. ఉదాహరణకి టోక్యోలో రాత్రి 10 నుంచి ఉదయం 5 దాకా టాక్సీ మీటర్ మీద 20 శాతం అదనం. దానికి తోడు నిద్రలో పోయే గంటన్నర. ఇవన్నీ ఒకవైపు వేసి, విమానాశ్రయం హోటల్‌కి పొద్దున ఊళ్లోకి వచ్చే రైలు టికెట్ మాత్రం కలిపి రెండోవైపు వేస్తే, చాలాసార్లు తూకం రెండోవైపే మొగ్గుతుంది. ఇద్దరుంటే రైలు టికెట్లు రెండు, టాక్సీ మాత్రం ఒకటే. నలుగురైతే టాక్సీ వైపు లెక్క మళ్లీ బలపడుతుంది.

విమానాశ్రయం హోటల్ అన్న పేరుని మాత్రం గుడ్డిగా నమ్మకూడదు. టెర్మినల్‌లోంచే నడిచి వెళ్లగలిగినవి కొన్నే. చాలావాటికి షటిల్ బస్సు కావాలి, ఆ షటిల్ రాత్రంతా నడుస్తుందా, పదకొండున్నరకే ఆగుతుందా అన్నది అడిగి తెలుసుకోవలసిన ప్రశ్న. మ్యాప్‌లో 900 మీటర్లే కదా నడిచేద్దాం అనుకుంటే కుదరదు, మధ్యలో ఉండేది ఆరు వరసల రహదారి, కంచె, కాలిబాట లేని వంతెన. ఇంకో సంగతి, కొన్ని హోటళ్లు ఇమిగ్రేషన్ దాటకముందే, లోపలి వైపు ఉంటాయి. అవి విమానం మారేవాళ్ల కోసం. ఊళ్లోకి వచ్చినవాళ్లు ముద్ర వేయించుకుని బయటపడ్డాక అక్కడికి తిరిగి వెళ్లలేరు. విమానం మారుతూ, ఆ దేశం వీసా లేనివాళ్లు బయటి హోటల్‌కి రాలేరు. బుక్ చేసేముందు లోపలా బయటా అన్నది చూసుకోవాలి.

టెర్మినల్‌లోనే కుర్చీల మీద తెల్లవార్చడం కూడా ఒక దారే, మూడింటికి దిగి ఐదింటికి మొదటి రైలు ఉన్నప్పుడు అంతకంటే పెద్ద ఏర్పాటు అనవసరం కూడా. సింగపూర్ చాంగీ లాంటివి రాత్రంతా తెరిచే ఉంటాయి. కానీ అన్నీ అలా ఉండవు, చిన్న విమానాశ్రయాల్లో ఆఖరి విమానం వెళ్లాక తాళాలు వేసి అందర్నీ బయటికి పంపేస్తారు.

గేటు బయట నిలబడ్డాక

టాక్సీ విషయంలో ఒక్క సూత్రం చాలావరకు కాపాడుతుంది. నిజమైన టాక్సీ దగ్గరికి మనిషి వెళ్లాలి, మనిషి దగ్గరికి వచ్చేది చాలాసార్లు అసలు టాక్సీ కాదు. కస్టమ్స్ తలుపు దాటగానే ఎదురొచ్చి పెట్టె అందుకోబోయే మనిషిని పట్టించుకోకుండా, బోర్డులు చూసుకుంటూ టాక్సీల వరస దాకా నడవడం మంచిది. కొన్ని నగరాల్లో విమానాశ్రయం నుంచి ఛార్జీ స్థిరంగా ఉంటుంది. కెనడీ విమానాశ్రయం నుంచి మాన్‌హాటన్‌కి, చార్లెస్ డి గాల్ నుంచి పారిస్ లోపలికి అలాంటి ఏర్పాటే. అది ముందే తెలిసి ఉంటే బేరం, మీటర్ టెన్షన్ రెండూ ఉండవు.

యాప్‌లో పిలిచే కార్లు పగటిపూట హాయి. అర్ధరాత్రి రెండు మూడు విమానాలు ఒకేసారి దిగినప్పుడు గిరాకీ పెరిగి రేటు రెండింతలవుతుంది. అప్పుడు ఇరవై నిమిషాలు ఆగి మళ్లీ చూస్తే తగ్గడం మామూలే. ఆ ఇరవై నిమిషాలు నిలబడే ఓపిక ఆ వేళ ఎవరికీ ఉండదు, అదే ఆ రేటు బలం. యాప్‌కి ఇంటర్నెట్ కావాలి, సిమ్ అమ్మే దుకాణం మూసేసి ఉండొచ్చు, విమానాశ్రయం వైఫై కారు ఆగే పార్కింగ్ అంతస్తులో అందకపోవచ్చు. ఇంట్లో ఉండగానే రోమింగో ఈ-సిమ్మో సిద్ధం చేసుకోకపోతే యాప్ ఉన్నా లేనట్టే.

ముందుగా మాట్లాడుకున్న కారు ఖరీదైనా, పిల్లలతోనో వయసు మళ్లినవాళ్లతోనో వచ్చేవాళ్లకి, తెలియని ఊళ్లో ఒంటరిగా దిగే ఆడవాళ్లకి దానికి ఇచ్చే డబ్బు వృథా కాదు. బుక్ చేసేటప్పుడు అడగవలసినవి రెండే. డ్రైవరు విమానం రాకను చూసుకుని వస్తాడా, లేక టికెట్ మీది సమయానికే వస్తాడా? ఉచితంగా ఎంతసేపు ఆగుతాడు, ఆ గడియారం విమానం దిగినప్పటి నుంచి మొదలవుతుందా, బుక్ చేసిన గంట నుంచా? రెండో ప్రశ్న ఎవరూ అడగరు, గొడవలన్నీ దాని దగ్గరే వస్తాయి.

కారు దిగాక కూడా ప్రయాణం అయిపోదు. రాత్రంతా మనిషి ఉండే రిసెప్షన్ ఉన్న హోటల్‌కీ, తాళం పెట్టెకి కోడ్ కొట్టి లోపలికి వెళ్లే అద్దె ఫ్లాట్‌కీ మధ్య తేడా మధ్యాహ్నం కనిపించదు. రాత్రి రెండింటికి కోడ్ పనిచేయకపోతే, యజమాని ఫోన్ ఎత్తకపోతే, అదే వీధిలో ఒకేలాంటి తలుపులు ఆరు ఉంటే, అప్పుడు తెలుస్తుంది. ఫ్లాట్ కావాలనుకున్నవాళ్లు దాన్ని రెండో రోజు నుంచి తీసుకోవచ్చు. పాత నగరాల సన్నని సందుల్లో ఉన్న బసలదీ ఇదే కథ. మొరాకోలోని మర్రకేష్ మదీనా, అంటే గోడ లోపలి పాత పట్టణం, లాంటి చోట కారు గోడ దాకానే వస్తుంది. అక్కడి నుంచి పెట్టెలు ఈడ్చుకుంటూ, ఫోన్ మ్యాప్‌కి దారి అంతుపట్టని మలుపుల్లో నడవాలి. ఎండలో అది ఊరి అందం, చీకట్లో పరీక్ష. చిరునామాని ఆ ఊరి లిపిలో రాసి ఉంచుకోవడం, మ్యాప్‌ని ఇంటర్నెట్ లేకుండా పనిచేసేలా దించుకోవడం పాత సలహాలే అయినా, పనికొచ్చేది ఈ ఆఖరి 300 మీటర్లలోనే.

తిరుగు ప్రయాణంలో అదే చిక్కు

వచ్చే రాత్రి గురించి ఇంత ఆలోచించినవాళ్లు కూడా వెళ్లే పొద్దుటి గురించి మరిచిపోతారు. ఆరున్నరకి విమానం అంటే, దేశం దాటేవాళ్లకి నాలుగింటికల్లా కౌంటర్ దగ్గర ఉండాలి. సామాను తీసుకునే కౌంటర్ చాలా సంస్థలకి విమానానికి గంట ముందే మూసేస్తారు. మొదటి రైలు ఐదింటికైతే అది పనికిరాదు. అంటే నగరం మధ్యలో తీసుకున్న ఆఖరి రాత్రి గదిలో నిద్ర మూడు గంటలు, ఆపై మళ్లీ రాత్రి ఛార్జీ టాక్సీ. టికెట్ కొనేటప్పుడు పొద్దుటి విమానం చవకగా కనిపించడానికి కారణాల్లో ఇదొకటి, ఆ మిగులు టాక్సీకే పోతుంది.

ఇక్కడ కూడా ఆఖరి రాత్రిని విడదీసి విమానాశ్రయం పక్కకి మారడం కుదురుతుంది, కానీ సాయంత్రం సామాను సర్దుకుని మారే శ్రమ ఉంది, రాత్రి భోజనానికి మళ్లీ ఊళ్లోకి రాలేమన్న బాధ ఉంది. పది, పదకొండు గంటల విమానానికి కొంచెం ఎక్కువ పెట్టగలిగితే ఆ గొడవే ఉండదు. కుదరనప్పుడు మొదటి రైలు ఎన్నింటికో ఆ రోజు పట్టికలోనే చూడాలి. చాలా నగరాల్లో ఆదివారం మొదటి బండి మిగతా రోజులకంటే గంటో రెండు గంటలో ఆలస్యంగా బయలుదేరుతుంది, మ్యాప్‌లో ముందురోజు వెతికిన సమయమేమో శనివారానిది.